బ్లూబెర్రీ పొదలో తెగులు: సోకే వేళ వేరు, బయటపడే వేళ వేరు

గుత్తిలోని కాయలన్నీ నీలం తిరుగుతున్న వేళ ఒకటి రెండు మాత్రం పాలిపోయిన గులాబీ రంగులోకి దిగి, ముడతలు పడి, చెయ్యి తగిలితే చాలు రాలిపోతుంటే, పెరట్లో బ్లూబెర్రీ పెంచేవారు చాలామంది వెంటనే తెగులు మందు కోసం వెతుకుతారు. ఆ రోజు ఏ మందు పిచికారీ చేసినా ఆ కాయకు గానీ, దాని పక్క కాయకు గానీ ఒరిగేదేమీ ఉండదు. శిలీంధ్రం ఆ కాయలోకి చేరింది అది కాయగా ఉన్నప్పుడు కాదు, పువ్వుగా ఉన్నప్పుడు. ఎన్నో వారాల కిందట తేనెటీగ వాలిన రోజున జరిగిన సంగతి ఇప్పుడు రంగు మారడంతో బయటపడింది.

బ్లూబెర్రీకి వచ్చే శిలీంధ్ర తెగుళ్లు చాలా ఉన్నాయి, వాటి పేర్లు నోరు తిరగనివి, లక్షణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయేవి. ఈ చిక్కు విడదీయడానికి పట్టుకోవలసిన కొస ఒకటుంది: తెగులు సోకే వేళకూ అది కంటికి కనిపించే వేళకూ మధ్య ఎంత ఎడం ఉంది అన్నది. ఆ ఎడం కొన్ని తెగుళ్లలో రెండు వారాలు, కొన్నింటిలో రెండు నెలలు, కొన్నింటిలో తర్వాతి ఏడాది దాకా. పెరటి తోటలో మనం చేయగలిగిన పనిలో ఎక్కువ భాగం ఆ ఎడంలోనే, అంటే పొద పచ్చగా, ఏ లోపమూ లేనట్టు కనిపిస్తున్న రోజుల్లోనే ఉంటుంది.

దీనికి తోడుగా గుర్తుంచుకోవలసింది తడి. తెగులు రావాలంటే లోబడే మొక్క, దాడి చేసే శిలీంధ్రం, అనుకూలించే వాతావరణం మూడూ ఒకేసారి కలవాలి. గాలిలో తేలే శిలీంధ్ర బీజాలను ఎవరూ ఆపలేరు, వానను అసలే ఆపలేరు. కానీ ఆకు మీద, పువ్వు మీద నీరు ఎంతసేపు నిలుస్తుందన్నది చాలావరకు మన చేతిలో ఉంది. శిలీంధ్ర బీజం మొలకెత్తి మొక్క కణజాలంలోకి దిగడానికి సాధారణంగా కొన్ని గంటలపాటు ఎడతెగని తడి కావాలి. ఆ గంటలను తగ్గించే ప్రతి పనీ, అది కత్తిరింపు కావచ్చు, మొక్కల మధ్య దూరం కావచ్చు, నీరు పెట్టే పద్ధతి కావచ్చు, తెగులు మందుతో సమానమే.

మమ్మీ బెర్రీ: ఒక ఏడాది పాటు సాగే కథ

మొదట చెప్పిన ముడతల కాయ మమ్మీ బెర్రీ అనే తెగులుది. మోనిలీనియా వాక్సినియై-కోరింబోసై అనే శిలీంధ్రం దీనికి కారణం. బ్లూబెర్రీ తెగుళ్లన్నింటిలో దీని జీవన చక్రం అత్యంత విచిత్రమైనది కాబట్టి, అది తెలిస్తే నివారణ దానంతటదే అర్థమవుతుంది కాబట్టి, దీని దగ్గర కొంచెం నిదానంగా ఆగుదాం.

తెగులు సోకిన కాయలు పక్వానికి వచ్చే వేళకు నేల మీద పడి, పై తోలు ఊడి, నల్లగా గట్టిబడి, చిన్న చిన్న గుమ్మడికాయల్లా గాడులు తేలి మిగులుతాయి. వీటినే మమ్మీలు అంటారు. లోపల కాయ గుజ్జు ఉండవలసిన చోటంతా శిలీంధ్రపు ముద్దే. ఎండిన ఆకుల కింద, నేల పై పొరలో ఇవి చలికాలమంతా కదలక మెదలక పడి ఉంటాయి. చలి తగ్గి, నేల తడిగా ఉండి, పొద మీద ఆకు మొగ్గలు విచ్చుకునే రోజుల్లో ఒక్కొక్క మమ్మీ నుంచి గోధుమ రంగులో, సన్నని కాడ మీద గిన్నెలా విచ్చుకున్న పుట్టగొడుగులు లేస్తాయి. అవి కొన్ని మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి కనుక మోకాళ్ల మీద కూర్చుని ఆకులు తొలగించి చూస్తే తప్ప కంటపడవు. ఆ గిన్నెల నుంచి ఎగిరిన బీజాలు గాలిలో తేలి అప్పుడే విచ్చుకుంటున్న లేత చివుళ్ల మీద వాలతాయి.

సుమారు రెండు వారాల తర్వాత ఆ చివుళ్లు ఈనెల వెంబడి గోధుమ రంగుకు తిరిగి, కొస వంగి వాడిపోతాయి. మంచు దెబ్బ అనుకుని చాలామంది పట్టించుకోకుండా వదిలేసే దశ ఇదే. వాడిన చివురు మొదలు దగ్గర, ఈనెల మీద బూడిద రంగు పొడి పేరుకుంటుంది. అది రెండో విడత బీజాలు. శిలీంధ్రం చేసే మాయ ఇక్కడుంది: వాడిన ఆ భాగం అతినీలలోహిత కాంతిని పువ్వులాగే ప్రతిఫలిస్తుంది, తియ్యని చక్కెర ద్రవాన్ని కూడా స్రవిస్తుంది. మన కంటికి అది ఎండిన ఆకు. తేనెటీగ కంటికి పువ్వు. ఈ సంగతిని పరిశోధకులు 1985లో వెల్లడించారు. పువ్వని భ్రమపడి వాలిన కీటకం కాళ్లకు బీజాలు అంటించుకుని పక్కనే ఉన్న నిజమైన పువ్వు మీదికి వెళ్తుంది. కీలాగ్రం (పువ్వులో పుప్పొడి అంటుకునే కొస) మీద పడ్డ ఆ బీజం పుప్పొడి రేణువులాగే మొలకెత్తి, పుప్పొడి నాళం దిగే దారిలోనే దిగి అండాశయాన్ని చేరుతుంది. అక్కడి నుంచి పిందె మామూలుగానే పెరుగుతుంది. పచ్చి కాయను అడ్డంగా కోసి చూస్తే లోపలి గదుల్లో తెల్లని బూజు కనిపిస్తుందే తప్ప పైకి ఏ గుర్తూ ఉండదు. పక్వ దశలో అది రంగు మారి, ముడుచుకుని, రాలి మళ్లీ మమ్మీ అవుతుంది.

ఈ చక్రంలో కాయ నుంచి కాయకు తెగులు పాకే దశ ఎక్కడా లేదని గమనించండి. కాయలు పండే వేళ మందు కొట్టడం వ్యర్థమని మొదట అన్నది అందుకే. తెంచడానికి వీలున్న లంకెలు రెండే. మొదటిది నేల మీది మమ్మీ. కోత సమయంలో పొద మీద మిగిలినవి, నేల మీద పడినవి ఏరి తోట బయట పారవేయాలి. ఇంటి కంపోస్టు కుప్ప సాధారణంగా వాటిని చంపేంత వేడెక్కదు కనుక అందులో వేయకూడదు. ఎంత ఏరినా కొన్ని మిగులుతాయి. వాటి మీద, మొగ్గలు విచ్చక ముందే, 5 సెంటీమీటర్ల మందాన చెక్క పొట్టు గానీ బెరడు ముక్కలు గానీ పరిచేస్తే గిన్నెలు పైకి రాలేవు. అప్పటికే గిన్నెలు లేచి ఉంటే పైపైన నేలను గోకి వాటిని విరగ్గొట్టవచ్చు, కానీ బ్లూబెర్రీ వేళ్లు నేల పై పొరలోనే అల్లుకుని ఉంటాయి గనుక లోతుగా తవ్వకూడదు. రెండో లంకె వాడిన చివుళ్లు. పూత మొదలయ్యేలోగా వాటిని తుంచివేస్తే తేనెటీగకు వాలే చోటు ఉండదు. పది ఇరవై పొదలున్న పెరట్లో ఇది ఉదయం పూట అరగంట పని. వందల ఎకరాల తోటలు చేయలేని పని ఇది, పెరటి తోటకు ఉన్న పెద్ద సౌకర్యం కూడా ఇదే. మందు వాడదలచుకుంటే దాని కాలం ఆకు మొగ్గ కొస పచ్చగా కనిపించే రోజు నుంచి పూత ముగిసే దాకా మాత్రమే.

పువ్వు మీద బూజు, పండు మీద కుళ్లు

పూత కాలంలో కనిపించే మరో తెగులు బూడిద రంగు బూజు. దీనికి కారణమైన బోట్రైటిస్ సినెరియా ఒక్క బ్లూబెర్రీకే పరిమితం కాదు, ద్రాక్ష, స్ట్రాబెర్రీ, గులాబీ, దేన్నీ వదలదు, కాబట్టి దీని బీజాలు లేని తోట ఉండదు. చల్లగా, ముసురు పట్టి కొన్ని రోజులు వరసగా తడిగా ఉంటేనే ఇది విజృంభిస్తుంది. మంచుకు కమిలిన పూలూ, వాడి కాయకు అంటుకుని ఉండిపోయిన పూరేకులూ దీనికి మెట్లు. నత్రజని ఎక్కువై మెత్తగా, దట్టంగా పెరిగిన కొమ్మలు కూడా దీనికి త్వరగా లొంగుతాయి.

వాడిన పూగుత్తిని చూసి ఇది బూజా, మమ్మీ బెర్రీనా, వట్టి మంచు దెబ్బా అని తేల్చుకోవడానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఉంది. గుత్తిని తడి కాగితంతో పాటు పాలిథిన్ సంచిలో ఉంచి మూతి కట్టి, గది ఉష్ణోగ్రతలో రెండు మూడు రోజులు వదిలేయాలి. బూజు తెగులైతే నూగులాంటి బూడిద రంగు బీజాలు దట్టంగా లేస్తాయి. మంచు దెబ్బ తిన్న పువ్వు మీద కూడా చివరికి ఏదో ఒక బూజు వస్తుంది గనుక మూడు రోజులు దాటాక వచ్చిన ఫలితాన్ని నమ్మకూడదు. అన్నట్టు, కొన్ని వైరస్ తెగుళ్లు కూడా పూగుత్తులను ఇలాగే మాడ్చివేస్తాయి. తడి లేని, పొడి వాతావరణంలో కూడా ఏటా అదే పొద మాడుతుంటే అనుమానం శిలీంధ్రం మీద కాక వైరస్ మీదికి పోవాలి.

పండిన కాయను కుళ్లబెట్టే వాటిలో మొదట చెప్పుకోవలసింది కొల్లెటోట్రైకమ్ జాతి శిలీంధ్రాల వల్ల వచ్చే ఆంత్రాక్నోస్. ఎడం అన్న మాటకు దీన్ని మించిన ఉదాహరణ లేదు. మొగ్గల పొలుసుల్లో, కిందటేడు కాయలు కాసిన ఎండు పుల్లల్లో చలికాలం గడిపిన శిలీంధ్రం వాన చినుకుల తుళ్లింపుతో పువ్వుల మీదికి, పిందెల మీదికి చేరి, పచ్చి కాయలో అడుగుపెట్టి అక్కడే మౌనంగా ఉండిపోతుంది. కాయ పండి చక్కెర చేరాకే నిద్ర లేస్తుంది. పండు పువ్వు రాలిన వైపు లోపలికి కుంగి, దాని మీద నారింజ రంగు జిగురు బొట్లు తేలుతాయి. చెట్టు మీద బాగున్న కాయలు రెండు రోజులు గిన్నెలో ఉంచేసరికి ఇలా మారితే, గిన్నెదో గాలిదో తప్పు కాదు, తెగులు తోటలోనే లోపలికి చేరి వచ్చిందని అర్థం. మమ్మీ బెర్రీలా కాక ఇది పండు నుంచి పండుకు పాకుతుంది, అందుకని పండినవి పండినట్టు తరచుగా కోయాలి, తడిగా ఉన్నప్పుడు కోయకూడదు, కోసిన వెంటనే చల్లబరచాలి. ఇరవై నుంచి ఇరవై ఏడు డిగ్రీల సెల్సియస్ మధ్య వెచ్చదనమూ, సగం రోజు తడీ దీనికి పండగ. రకాల మధ్య తేడా కూడా ఇక్కడ బాగా పనికొస్తుంది. బ్లూక్రాప్ దీనికి సులువుగా లొంగితే, ఎలియట్ గట్టిగా తట్టుకుంటుంది. ముదురాకుపచ్చ బూజుతో వచ్చే ఆల్టర్నేరియా కుళ్లు ఎక్కువగా కోతలో ఆలస్యమైన, మగ్గిపోయిన పండ్లదే కాబట్టి సకాలంలో కోస్తే దాని గురించి వేరుగా పని పెట్టుకోనక్కరలేదు.

కొమ్మ ఎండినప్పుడు కత్తెర ఎక్కడ పెట్టాలి

మండు వేసవిలో పొద అంతా పచ్చగా ఉండి ఒకే ఒక్క కొమ్మ ఉన్నట్టుండి ఎర్రబడి, గోధుమ రంగుకు తిరిగి, ఎండిన ఆకులు రాలకుండా జెండాలా వేలాడుతుంటే అది బోట్రియోస్ఫేరియా శిలీంధ్రాల వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు కావచ్చు. వెచ్చని ప్రాంతాల్లో, నాటిన మొదటి రెండు మూడు ఏళ్లలో లేత పొదలను మొదలంటా చంపగలిగేది ఇదే. ఇది గాయాల ద్వారా ప్రవేశిస్తుంది. కత్తెర గాటు, కలుపు తీసే యంత్రం తగిలిన గీత, ఎండ వేడికో మంచుకో పగిలిన బెరడు, ఏదైనా చాలు. ఎండిన కొమ్మను నిలువుగా చీలిస్తే చెక్క ఒక పక్క మాత్రమే లేత గోధుమ రంగులో ఉండడం దీని గుర్తు. నీరందక ఎండిన కొమ్మలో ఇలాంటి ఒంటి పక్క మరక ఉండదు.

దీనికి పనికొచ్చే మందు లేదు. కత్తిరింపే వైద్యం. అయితే ఆకులు ఎండిన చోట కోయడం చాలామంది చేసే పొరపాటు. చెక్కలోని మరక ఆకుల కంటే చాలా కిందికి దిగి ఉంటుంది. కోసిన కొస చూసి, మరక కనిపిస్తుంటే ఇంకా కిందికి పోయి, శుభ్రమైన తెల్లని చెక్క కనిపించిన చోటి నుంచి మరో 15 నుంచి 20 సెంటీమీటర్ల కింద కోత పెట్టాలి. పొడి వాతావరణంలోనే ఈ పని చేయాలి, ఒక్కొక్క కోతకూ కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. కోసిన కొమ్మలను పొద పక్కనే కుప్ప వేస్తే వాటి నుంచే కొత్త బీజాలు పుడతాయి. వేసవి చివర నత్రజని ఎరువు వేసి కొత్త ఇగుళ్లను రప్పించడం కూడా కూడదు, చలికి ముదరని ఆ లేత కొమ్మలే కమిలి తెగులుకు తలుపు తీస్తాయి.

పూత కొమ్మల కొసలు నాలుగైదు అంగుళాల మేర వరసగా ఎండుతుంటే అది ఫోమాప్సిస్. విచ్చుకుంటున్న మొగ్గల ద్వారా, మంచుకు దెబ్బ తిన్న కొసల ద్వారా లోపలికి వస్తుంది, ఎండు పుల్లల్లో చలికాలం గడుపుతుంది. చలికాలపు కత్తిరింపులో ఆ పుల్లలన్నీ తీసివేయడమే దీనికి చాలావరకు సరిపోతుంది.

ఆకు మచ్చలు: ఎప్పుడు పట్టించుకోవాలి

ఆకుల మీద కనిపించే వాటిలో చాలావరకు కంటికి ఇబ్బంది తప్ప పంటకు నష్టం లేనివి. ఆకుల మీద తెల్లని పొడిలా వచ్చే బూడిద తెగులు కోత అయిపోయాక వస్తే దాన్ని వదిలేయవచ్చు. ఆకు అడుగున పసుపు, నారింజ రంగు పొడి రాలే తుప్పు తెగులు హెమ్లాక్ అనే సూదాకు చెట్టుకూ బ్లూబెర్రీకీ మధ్య తిరుగుతూ బతుకుతుంది కానీ, చలికాలంలో ఆకులు పూర్తిగా రాలని వెచ్చని చోట్ల ఆ చెట్టు లేకపోయినా పాత ఆకుల మీదే కాలం గడిపేస్తుంది. సెప్టోరియా ఆకుమచ్చ మాత్రం వేరు. నడుమ లేత రంగు, చుట్టూ ఊదా అంచు ఉన్న చిన్న మచ్చలు ఎక్కువై, కోత తర్వాత ఆకులు ముందుగానే రాలిపోతే, వచ్చే ఏడాది పూమొగ్గలు తయారవవలసిన కాలంలో పొదకు ఆహారం అందదు. ఈ ఏడాది ఆకుమచ్చకు మూల్యం వచ్చే ఏడాది కాపులో చెల్లిస్తాం. కోత అయిపోగానే పొద సంగతి మరిచిపోకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

ఆకు మీద లేత పచ్చ మచ్చలు, వాటి అడుగున తెల్లని పూత, పండు మీద ఎంతకూ పండని పచ్చ చుక్కలు ఉంటే అది ఎక్సోబసిడియం. దీనికి మొగ్గలు విచ్చక ముందు, పొద ఇంకా నిద్రావస్థలో ఉండగా ఒక్కసారి సున్నం గంధకం ద్రావణం పిచికారీ చేస్తే బాగా పనిచేస్తుంది. ఆకులు వచ్చాక కొడితే మాత్రం పొదే మాడుతుంది.

వేరులో ఉన్నది శిలీంధ్రమేనా

పొద మొత్తం ఎదుగుదల లేక, ఆకులు చిన్నవై, పసుపెక్కి, అంచులు ఎర్రబడి క్రమంగా క్షీణిస్తుంటే కొమ్మలు కాదు, వేళ్లు చూడాలి. ఫైటోఫ్తోరా సిన్నమోమై వల్ల వచ్చే వేరుకుళ్లులో సన్నని వేళ్లు నల్లబడి మెత్తగా ఊడిపోతాయి. దీన్ని శిలీంధ్ర తెగుళ్ల జాబితాలో చేర్చడం అలవాటే గానీ, శాస్త్రం ప్రకారం ఇది శిలీంధ్రం కాదు, గోధుమ రంగు నాచులకు దగ్గరి చుట్టం. ఆ తేడా పేరుకు మాత్రమే కాదు. నేలలో నిలిచిన నీటిలో ఈదుకుంటూ వేళ్లను వెతుక్కునే బీజాలు దీనివి, మామూలు శిలీంధ్రనాశినుల్లో చాలా వాటికి ఇది లొంగదు. నీరు నిలవకుండా చూడడమే దీనికి మందు. బరువు నేలల్లో 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టి నాటాలి, కుండీల్లో పెంచితే కింద పళ్లెంలో నీరు నిలవనీయకూడదు.

ఇక్కడే ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. కొత్త ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, మధ్య భాగం పసుపు రంగుకు తిరగడాన్ని తెగులనుకుని మందు కొట్టేవారున్నారు. అది చాలాసార్లు ఇనుము లోపం, ఇంకా సరిగ్గా చెప్పాలంటే నేలలో ఆమ్లత్వం చాలకపోవడం. బ్లూబెర్రీకి పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండే ఆమ్ల నేల కావాలి. దీనికి ఆమ్ల నేల తప్పదని అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ 1910లో ప్రయోగాలతో చూపించాకే అడవి పొద తోట పంటగా మారడానికి వీలు కలిగింది. క్రాన్‌బెర్రీ తోటల రైతు ఎలిజబెత్ వైట్‌తో కలిసి ఆయన న్యూజెర్సీలో చేసిన పని ఫలించి మొదటి వాణిజ్య పంట 1916లో అమ్మకానికి వచ్చింది. ఈ పొద వేళ్లకు సన్నని నూగు వేళ్లు ఉండవు, ఆ లోటును వేరులోనే నివసించే మిత్ర శిలీంధ్రాలు తీరుస్తాయి. తెగులు కనిపించగానే కట్టె బూడిద చల్లడం, వంట సోడా నీళ్లు కొట్టడం వంటి చిట్కాలు ఈ పొదకు సరిపడవు. అవి రెండూ క్షారాలు కనుక తెగులు సంగతి ఎలా ఉన్నా నేలను పొదకు పరాయిదాన్ని చేస్తాయి.

మందు వాడితే

నీరు బిందు సేద్యంతో పొద మొదలు దగ్గర పెట్టడం, పైనుంచే పెట్టవలసి వస్తే ఎండ ఎక్కేలోగా ఆరేలా ఉదయం పెట్టడం, ఏటా చలికాలంలో ముదిరిన కొమ్మలు ఒకటి రెండు మొదలంటా తీసి పొద నడుమ గాలి ఆడేలా చేయడం, నేల మీది వ్యర్థాన్ని ఏరివేయడం, ఇవి చేసిన తోటలో మందు అవసరం చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ వాడవలసి వస్తే మందులో రెండు తరగతులున్నాయని తెలియాలి. కాప్టాన్ వంటివి ఆకు ఉపరితలం మీద పొరలా నిలిచి బీజాన్ని మొలవనీయవు, లోపలికి దిగిన శిలీంధ్రాన్ని ఇవేమీ చేయలేవు, కాబట్టి వాన రాక ముందే కొట్టాలి. కణజాలంలోకి కొంత దూరం చొచ్చుకుపోయేవి రెండో తరగతి. ఇవి శిలీంధ్రంలోని ఏదో ఒక్క ప్రక్రియను దెబ్బ తీస్తాయి గనుక అదే మందును మళ్లీ మళ్లీ వాడితే తట్టుకునే శిలీంధ్రాలు మిగిలి, కొంతకాలానికి అది పనిచేయడం మానేస్తుంది. డబ్బా మీద ఉన్న గుంపు సంఖ్య చూసి, వేరు వేరు గుంపుల మందులను మార్చి మార్చి వాడడం అందుకే. మందు పేరు మారినంత మాత్రాన గుంపు మారినట్టు కాదు.

గంధకం బూడిద తెగులుకు మంచిదే, కానీ 30 డిగ్రీలు దాటిన ఎండలోనూ, నూనె మందు కొట్టిన రెండు వారాల లోపూ వాడితే ఆకులు మాడతాయి. పూత కాలంలో మందు తప్పనిసరైతే తేనెటీగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టాలి, పురుగు మందు మాత్రం పూత మీద అసలు కలపకూడదు. డబ్బా మీద బ్లూబెర్రీ పేరు లేని మందును ఇంట్లో తినే పంట మీద వాడకూడదు, పిచికారీకీ కోతకూ మధ్య ఎన్ని రోజులు ఆగాలని అక్కడ రాసి ఉంటే అన్ని రోజులూ ఆగాలి. నీలం తిరిగిన గుత్తులు కొన్ని అప్పటికే కోతకు వచ్చి ఉంటే, ముందు వాటిని కోసుకుని, పచ్చి కాయలున్న రోజుల్లోనే డబ్బా మూత తీయడం మంచిది. మిగతా గుత్తుల కోత ఏ రోజున పడుతుందో లెక్క కట్టుకుని ఆ తేదీనీ, మందు కొట్టిన తేదీలనూ డబ్బా మీదే రాసి ఉంచుకుంటే, వచ్చే ఏడు మొగ్గ పచ్చబడే వేళ ఏది, ఎన్నిసార్లు వాడామో వెతుక్కోనక్కరలేదు.